మంచి సినిమా వేరు, మంచి సీక్వెల్ వేరు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మేం పన్నెండు మందిమి వారం వారం ఎవరో ఒకరింట్లో చేరి సినిమా చూస్తాం. సగం మందిమి తెలుగువాళ్లం, మిగతావాళ్లు ఒడియావాళ్లు, ఇద్దరు పాతపట్నం నుంచి వస్తారు. దసరా సెలవుల్లో, పాత నిధుల వెంట తిరిగే పురావస్తు ఆచార్యుడి కథలైన ఇండియానా జోన్స్ సినిమాలు ఐదూ ఒకే రోజున చూశాం. ఆ రోజు మొదలైన గొడవ ఇప్పటికీ తెగలేదు. మొదటిది తప్ప మిగతావన్నీ దండగంటాడు మా బావ. నాకు మూడోది ప్రాణం. కుర్రాళ్లకి రెండోది కావాలి. నాలుగోదాని పేరెత్తితే అందరూ నవ్వుతారు గానీ, వసూళ్లలో అదే పైనుందని ఒకడు పట్టుబడతాడు. రెండోది నడుస్తుంటే కాళికమ్మని అలా చూపించారని మా అత్తయ్య మధ్యలో లేచి వెళ్లిపోయింది. మాటా మాటా పెరిగి మా బావ వాట్సాప్ గ్రూపులోంచి తప్పుకున్నాడు. సంక్రాంతికి అందరం ఊళ్లోనే ఉంటాం. లైబ్రరీ గదిలో కూర్చుని పద్ధతిగా తేల్చుకోవాలని ఉంది. ఎలా చెయ్యాలి? అసలు ఒక సీక్వెల్ బాగుందో లేదో దేన్నిబట్టి చెప్పాలి?

సమాధానం: మీ బావా మీరూ వాదించుకుంటున్నది ఒకే విషయం మీద కాదు. ఐదింటిలో గొప్ప సినిమా ఏదని ఆయన చెబుతున్నాడు. ముందు వచ్చినదాన్ని అందుకుని బాగా నడిపింది ఏదని మీరు చెబుతున్నారు. మొదటి ప్రశ్నకి నా జవాబు 1981లో వచ్చిన ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’. రెండో ప్రశ్నకి 1989 నాటి ‘లాస్ట్ క్రూసేడ్’. అంటే మీ ఇద్దరి మాటా చెల్లుతుంది. సంక్రాంతికి ఈ రెండు ప్రశ్నల్నీ విడివిడిగా పెట్టుకోండి, వీలైతే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కలిపేస్తే గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

దానికన్నా ముందు, మీరు ఆ సినిమాలు చూసిన తీరు సరిదిద్దుకోవాలి. ఐదింటి నిడివి వరసగా 115, 118, 127, 122, 154 నిమిషాలు. మొత్తం 636, అంటే పది గంటల ముప్పై ఆరు నిమిషాలు. మధ్యలో భోజనాలూ టీలూ కలిపితే పొద్దున్న ఏడింటికి కూర్చున్నా లేచేసరికి రాత్రి ఎనిమిదైనా అవుతుంది. నాలుగోది వచ్చేసరికి కళ్లు మండుతుంటాయి. ఐదోది మొదలయ్యేసరికి సగం మంది చేతుల్లో ఫోన్లుంటాయి. ఆ అలసటంతా సినిమా ఖాతాలో పడుతుంది. ఐదోది సాగిందన్న మాటలో నిజం ఉంది, ఆ కథకి 154 నిమిషాలు ఎక్కువే. కానీ ఎంత ఎక్కువో తేల్చుకోవాలంటే దాన్ని తాజా కళ్లతో చూడాలి. రోజుకి ఒకటి మించకండి.

వరస కూడా విడుదలైన వరసే ఉంచండి. 1984లో వచ్చిన రెండోది, ‘టెంపుల్ ఆఫ్ డూమ్’, కథాకాలం ప్రకారం 1935లో జరుగుతుంది, మొదటిది 1936లో. కథ జరిగిన ఏడాది ప్రకారం చూద్దామని మీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, వద్దని చెప్పండి. ఈ మనిషి మీకు ముందే తెలుసు, ముందే ఇష్టం అన్న నమ్మకంతో రెండోది మొదలవుతుంది. కొత్తగా చూసేవాళ్లకి అక్కడ కనబడేది వజ్రం కోసం గూండాలతో బేరమాడుతున్న ఒక సూటు మనిషి మాత్రమే.

టీవీలో చూస్తే పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది, ‘మోషన్’ అన్న మాట ఉన్నదాన్ని చూసి తగ్గించండి, లేదా సినిమా మోడ్ పెట్టండి. ఈ సినిమాలు సెకనుకి 24 ఫ్రేములవి. టీవీ మధ్యలో తనే కొన్ని ఫ్రేములు పుట్టించి కలిపితే మొదటి సినిమాలోని ట్రక్కు ఛేజింగు టీవీ సీరియల్‌లా కనబడుతుంది. పైనా కిందా నల్లపట్టీలు వస్తున్నాయని జూమ్ చెయ్యకండి, పక్కలు తెగిపోతాయి. మొదటి నాలుగింటి దర్శకుడు స్పీల్‌బర్గ్ చాలా షాట్లలో మనిషిని ఒక అంచున, ప్రమాదాన్ని రెండో అంచున పెడతాడు. ప్రొజెక్టరైతే పొద్దుగుంకాకే వెయ్యండి. మొదటిదాంట్లో పాముల గొయ్యి, రెండోదాంట్లో గని దాదాపు చీకట్లోనే నడుస్తాయి. పగటి వెలుగులో వేస్తే అంతా బూడిదరంగు అయిపోయి, ఏమీ కనబడలేదన్న ఫిర్యాదు దర్శకుడి మీదకి పోతుంది. మొదటి నాలుగింటికీ 2021లో 4కే ప్రతులు వచ్చాయి. ఒకటి పాత డీవీడీలోనూ ఇంకొకటి 4కేలోనూ చూసి పోల్చడం న్యాయం కాదు. భాష కూడా అంతే, అందరూ ఒకే భాషలో చూడాలి. మీలో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టుకోవడమే మేలు. ఇంకొక్కటి. ఓటీటీ ఖాతా ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చింది, పదిమందిని పిలిచి హాల్లో వెయ్యాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. అందుకని చూడటం ఇళ్లలో కానివ్వండి, లైబ్రరీలో వాదన ఒక్కటే పెట్టుకోండి.

సినిమా అయిపోగానే ఎవరూ నోరు విప్పకూడదు. అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి పది నిమిషాలు టైమివ్వండి. కాగితం మీద మూడు గళ్లు: ముందుదాన్నుంచి ఏం ఉంచింది, ఏం మార్చింది, కొత్తగా ఏం కలిపింది. ఒక్కో గడిలో మూడు వాక్యాలు మించొద్దు, ప్రతి వాక్యంలో ఒక సీను పేరు ఉండాలి. ముందు మాట్లాడుకుంటే గొంతు పెద్దగా ఉన్నవాడి అభిప్రాయమే అందరి కాగితాల్లోకీ ఎక్కుతుంది, అందుకే ఈ నియమం. సీక్వెల్‌ని తూచడానికి నాకు తెలిసిన కొలత కూడా ఈ మూడో గడిలోనే ఉంది. అది కలిపినదాన్ని తీసేస్తే పాత్ర చిన్నదైపోవాలి. తీసేసినా ఏమీ తేడా పడకపోతే ఆ సినిమా మొదటిదాని పేరు మీద బతికినట్టే.

‘బాహుబలి’ రెండో భాగం మొదటిదాన్ని మించలేదా అని ఎవరైనా అడ్డం తగలొచ్చు. అది వేరే రకం. 2015లో కట్టప్ప కత్తి దగ్గర ఆపిన కథని 2017లో పూర్తిచేశారు, ఒకే కథ రెండు ముక్కలు. ఇండియానా జోన్స్ సినిమాలు దేనికది పూర్తి కథ. మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేది ‘కార్తికేయ’ 2014, ‘కార్తికేయ 2’ 2022. అదే హీరో, కొత్త అన్వేషణ, మొదటిది చూడకపోయినా రెండోది అర్థమవుతుంది. వాదనలో పోలిక కావాలంటే దాన్ని తెచ్చుకోండి.

ఇక అసలు పని. సినిమా మొత్తాన్ని సినిమా మొత్తంతో పోల్చకండి, అక్కడే మాట జారిపోతుంది. ప్రతి సినిమాలోనూ ఒకే పని చేసే సీను పట్టుకుని సీనుకి సీను పక్కపక్కన పెట్టండి. ఈ ఐదింటికీ బాగా పనికొచ్చేవి రెండు: మొదటి పది పదిహేను నిమిషాలు, చక్రాల మీద జరిగే ఛేజింగు.

మొదటి సినిమా ఎలా మొదలవుతుందో మళ్లీ వేసి చూడండి, ఈసారి శబ్దం తీసేసి. గుహలో బంగారు బొమ్మ ముందు జోన్స్ ఇసుక సంచి పట్టుకుని నిలబడతాడు. గడ్డం నిమురుకుంటాడు, సంచిలోంచి గుప్పెడు ఇసుక తీసి పారేస్తాడు, చటుక్కున మార్చేస్తాడు. ఒక క్షణం గెలిచినట్టే ఉంటుంది. తర్వాత పీఠం కిందికి దిగుతుంది. తెలివైనవాడే, లెక్క మాత్రం తప్పింది. ఇది చెప్పడానికి ఒక్క మాట కూడా వాడలేదు. బయటపడ్డాక బొమ్మని ప్రత్యర్థి బెలాక్ లాక్కుంటాడు, చివరికి విమానంలో పాము కనబడగానే ఈయన బెంబేలెత్తిపోతాడు. ఇంచుమించు పన్నెండు నిమిషాల్లో హీరో ఓడిపోయాడు, భయపడ్డాడు, మనకి దగ్గరయ్యాడు. ఆ పాము ఊరికే పెట్టింది కాదు, తర్వాత పాముల గొయ్యిలో దాని అవసరం వస్తుంది.

మూడోదాని మొదలు దీనికి దీటుగా నిలుస్తుంది. 1912, యూటా. కుర్రవాడైన జోన్స్ సర్కస్ రైలు మీద పరుగెత్తుతాడు. ఒక పెట్టెలో పాములు, ఒక పెట్టెలో సింహం. పాముల భయం, కొరడా, గడ్డం మీద మచ్చ ఆ ఒక్క రైలు మీదే పుడతాయి, ఆ వెంటనే టోపీ వస్తుంది. ఆ రైలు తీసింది కొలరాడో వైపున్న కంబ్రెస్ అండ్ టోల్టెక్ అనే మూడడుగుల గేజి లైను మీద. నౌపడ నుంచి గుణుపురం వెళ్లిన రెండున్నర అడుగుల గేజి బండి ఎక్కిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటారు, అలాంటి పెట్టె పైకప్పు ఎంత ఇరుకో, ఎంత ఊగుతుందో వాళ్లని అడగండి. అయితే ఈ మొదలుకి అసలు బలం రైలు కాదు. కుర్రవాడు రొప్పుతూ ఇంటికొస్తాడు, తండ్రి రాతబల్ల దగ్గర నుంచి తలైనా తిప్పడు, గ్రీకులో ఇరవై దాకా లెక్కపెట్టమంటాడు. ముఖం కనబడదు, గొంతూ చేతులూ మాత్రమే. తర్వాత రెండు గంటల సినిమా అంతా ఆ తిరగని తల గురించే. చివర్లో తాను వెతుకుతున్న గ్రెయిల్ అనే పవిత్ర పాత్రని అందుకోబోతూ జోన్స్ అగాధం మీద వేలాడుతుంటే, అప్పటిదాకా ‘జూనియర్’ అని పిలిచిన తండ్రి మొదటిసారి ‘ఇండియానా’ అంటాడు. అప్పుడు చెయ్యి వెనక్కొస్తుంది. నిధిని వదిలెయ్యడానికి ఇంతకన్నా గట్టి కారణం ఈ ఐదు సినిమాల్లో లేదు. తండ్రిగా వేసిన షాన్ కానరీ, జోన్స్‌గా వేసిన హారిసన్ ఫోర్డ్ కన్నా పన్నెండేళ్లే పెద్ద, అయినా మనకి ఆ తేడా తట్టదు.

రెండోదాని మొదలు షాంఘై నైట్‌క్లబ్‌లో. విషానికి విరుగుడు సీసా, వజ్రం, ఐసుముక్కలు, బెలూన్లు అన్నీ కలిసి నేల మీద దొర్లుతుంటాయి. చూడ్డానికి ఐదింటిలోకీ హుషారైన మొదలు ఇదే అనుకుంటాను. కానీ అక్కడ నాటినదేదీ తర్వాత మొలవదు. ఆ గూండా నాయకుడు మళ్లీ కథలోకే రాడు. నాలుగోది, 2008 నాటి ‘కింగ్‌డమ్ ఆఫ్ ది క్రిస్టల్ స్కల్’, 1957 నెవాడాలో మొదటి సినిమా చివర చూపించిన గిడ్డంగికే మనల్ని తీసుకెళ్తుంది. పగిలిన చెక్కపెట్టెలోంచి మొదటిదాంట్లోని నిధి, ఆర్క్ అనే పవిత్ర మందసం, కొంచెం కనబడుతుంది. అది ఉంచింది, నిజమే, కానీ దాంతో చేసిందేమీ లేదు. 2023లో వచ్చిన ‘డయల్ ఆఫ్ డెస్టినీ’ 1944లో, వయసు తగ్గించిన ఫోర్డ్ ముఖంతో మొదలవుతుంది, ఆ ఒక్క ఘట్టమే ఇరవై నిమిషాలు దాటుతుంది.

ఇప్పుడు ఛేజింగు. మొదటి సినిమా ట్రక్కు సీనులో జోన్స్ ముందు అద్దంలోంచి బయటపడి, బండి కిందకి జారి, వెనక నుంచి కొరడా పట్టుకుని ఈడ్చుకుపోతాడు. బండి కిందకి వెళ్లింది టెర్రీ లియోనార్డ్ అనే స్టంట్‌మ్యాన్. మనిషి పట్టేలా బండిని ఎత్తు చేసి, రోడ్డు మధ్య కందకంలా తవ్వి తీశారు. దుమ్ము నిజం, కంకర నిజం. అయినా నేను మిమ్మల్ని చూడమనేది ఆ తర్వాతి సీను. ఓడలో జోన్స్ ఒళ్లంతా నొప్పులతో పడుంటాడు, ఎక్కడ ముట్టుకున్నా అబ్బా అంటాడు. ఎక్కడ నొప్పి లేదో చెప్పమని ప్రియురాలు మేరియన్ విసుక్కుంటే మోచెయ్యి చూపిస్తాడు. ఛేజింగుకి ఖరీదు కట్టిన సీను అది.

నాలుగోదాని మీద నవ్వేవాళ్లు ఫ్రిజ్ సీను పట్టుకుంటారు. అణుబాంబు పేలితే ఫ్రిజ్‌లో దాక్కుని బతకడం నమ్మశక్యం కాదంటారు. మొదటి సినిమాలో జలాంతర్గామి వెంట సముద్రం దాటడం నమ్మశక్యమా? రెండోదాంట్లో విమానంలోంచి రబ్బరు పడవలో దూకడం? లోపం అక్కడ లేదు. ఫ్రిజ్ ఎడారిలో అంత దూరం ఎగిరి పడితే ఆయన లేచి నడుస్తాడు, తర్వాతి సీనులో ఒళ్లు తోముకుని శుభ్రంగా కూర్చుంటాడు. అడవిలో జీపుల మీద కత్తియుద్ధం, మూడు జలపాతాలు, ఎవరికీ ఒక్క దెబ్బ మిగలదు. నొప్పి లేని చోట భయం పుట్టదు. వాదనలో నాలుగోదాన్ని కొట్టదలచినవాళ్లు ఫ్రిజ్ వదిలేసి ఈ మాట పట్టుకోండి. దాన్ని కాయదలచినవాళ్లకీ ఒక మంచి మాట ఉంది: మూడోదానికీ నాలుగోదానికీ మధ్య పంతొమ్మిదేళ్లు గడిచాయి, కథ కూడా అన్నేళ్లూ నడిచి 1957కి వచ్చింది. శత్రువులు నాజీలు పోయి సోవియట్‌లయ్యారు, దేవుడి నిధులు పోయి ఆకాశం నుంచి వచ్చినవాళ్ల కథ వచ్చింది. కాలంతో పాటు కథ జాతినే మార్చడం ధైర్యమే.

మూడోదాంట్లో ట్యాంకు ఛేజింగు మొదటిదాని ట్రక్కుకి తమ్ముడు, దాచుకోనక్కర్లేదు. స్పెయిన్‌లోని అల్మేరియా దగ్గర తీశారు, ఎక్స్‌కవేటర్ అడుగు భాగం మీద ట్యాంకు కట్టారు. కొత్తదనం చివర్లో వస్తుంది. ట్యాంకు లోయలో పడిపోతుంది, తండ్రీ స్నేహితులూ అంచున నిలబడి కిందికి చూస్తూ కుమిలిపోతుంటారు. జోన్స్ వెనక నుంచి తూలుతూ వచ్చి, వాళ్ల పక్కనే నిలబడి తనూ కిందికి తొంగిచూస్తాడు. పాత ఛేజింగే, ఫలితం మాత్రం కౌగిలింత. మార్చడం అంటే ఇదీ. ఇదే సినిమాలో నాకు నచ్చని మార్పూ ఉంది. మొదటిదాంట్లో ఆర్క్ జోలికి వెళ్లేటప్పుడు జాగ్రత్తని గంభీరంగా హెచ్చరించిన మిత్రుడు మార్కస్ బ్రోడీని ఇక్కడ దారి తప్పే హాస్యగాణ్ని చేశారు. మీ బావ తరఫువాళ్లు ఈ పాయింటు ఎత్తితే ఒప్పేసుకోండి.

రెండోదాని గని బండ్ల సీను పనితనంలో అన్నిటికన్నా చూడదగ్గది. కొంత పెద్ద సెట్టు, కొంత బొమ్మ సొరంగం. ఆ బొమ్మ సొరంగంలో మామూలు సినిమా కెమెరా పట్టదని నికాన్ ఫోటో కెమెరాని సినిమా ఫిల్ముకి మార్చి వాడారు. బ్రేకు విరిగిపోతే జోన్స్ బూటు కాలు చక్రానికి అడ్డం పెడతాడు, కాలు కాలుతుంది. ఇక్కడా నొప్పి ఉంది, చూశారా. ఐదోదాంట్లో మొరాకో సందుల్లో ఆటోలతో ఛేజింగు, కథలో టాంజియర్ అయినా తీసింది ఫెజ్‌లో. పర్వాలేదు, నిడివి ఎక్కువ. కానీ ఆ సినిమా చివర్లో మేరియన్ తిరిగొచ్చాక, నలభై రెండేళ్ల కిందటి ఆ ‘ఎక్కడ నొప్పి లేదు’ సంభాషణ ఇద్దరు ముసలివాళ్ల మధ్య మళ్లీ వస్తుంది. మొదటిదాన్నుంచి తీసుకున్నదాన్ని ఇంత బాగా వాడింది ఇంకొకటి లేదు. దానికోసం నాలుగోది కట్టిన పెళ్లినీ కొడుకునీ ఐదోది పడగొట్టాల్సి వచ్చింది, అది వేరే చర్చకి సరిపోతుంది.

మీ అత్తయ్య మాటకొస్తాను. ఆమె లేచి వెళ్లిపోవడంలో తప్పేమీ లేదు, ఆ అభ్యంతరాన్ని వాదనలో సగౌరవంగా చేర్చండి. రాయగడ మజ్జిగౌరమ్మకి మొక్కులు కట్టే ప్రాంతం మీది. అమ్మవారిని గుండెలు పీకించుకునే రాక్షసిలా చూపించడం, మహారాజు విందులో కోతి మెదడు, కళ్లు తేలే పులుసు వడ్డించడం, ఏ ఊళ్లోనూ ఏ వంటింట్లోనూ లేనిది కల్పించి మన పేరు పెట్టడమే. అప్పట్లో మన ప్రభుత్వం స్క్రిప్టు మార్పులు అడిగింది, వాళ్లు ఒప్పుకోక శ్రీలంకలో కాండీ వైపు తీశారు. ఇక్కడ కొంతకాలం నిషేధం కూడా నడిచింది. ఆ పల్లెజనం సినిమాలో మాట్లాడేది సింహళం. గిడుగు రామ్మూర్తి సవరల భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేసిన ఊరు మీది, సంతలో మూడు భాషలు వినబడే చోటు. ఉత్తరాది పల్లె అని చెప్పి సింహళం వినిపిస్తే అది ఎంత నిర్లక్ష్యమో మీవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. విలన్ మోలా రామ్‌గా అమ్రీష్ పురి ఎంత భయపెట్టినా ఈ తప్పు కప్పబడదు.

కానీ అత్తయ్య వెళ్లిపోయాక ఏం జరిగిందో కూడా ఆమెకి చెప్పండి. జోన్స్ ఊరివాళ్ల చేతికి, వాళ్ల గుడి రాయిని, శివలింగాన్ని, తిరిగి ఇస్తాడు. గనిలో చెరబట్టిన పిల్లలు తల్లుల దగ్గరికి పరుగెత్తుకొస్తారు. మిగతా సినిమాల్లో ఎక్కువగా ఆయన వాదం దొరికినవి మ్యూజియంలో ఉండాలన్నదే. పోగొట్టుకున్న ఊరికి దాని దేవుణ్ని తెచ్చి ఇచ్చింది ఈ ఒక్కదాంట్లోనే. మనల్ని ఎక్కువ నొప్పించిన సినిమాలోనే ఇది ఉంది. ఇందులో ఒక విచారం కూడా ఉంది. మళ్లీ నాజీలు వద్దని, ఈ కథలు అల్లిన జార్జ్ లూకాస్ కథని ఒక ఏడాది వెనక్కి, 1935కి జరిపాడు. దాంతో ఇక్కడ జోన్స్ నేర్చుకున్నది 1936 నాటి మొదటి సినిమాలో ఎక్కడా కనబడదు, బంగారు బొమ్మని మళ్లీ గుహలోంచి ఎత్తుకొస్తూనే ఉంటాడు. వెనకటి కథ చెప్పే ప్రీక్వెల్‌కి వచ్చే చిక్కు ఇది, ఎంత మంచి మార్పు తెచ్చినా ముందే వచ్చేసిన సినిమా దాన్ని చెరిపేస్తుంది. కుర్రాళ్లు రెండోదాన్ని ఎందుకు ఇష్టపడతారో తెలుస్తూనే ఉంది, అందులో షార్ట్ రౌండ్ అనే కుర్రాడు హీరోని కాపాడతాడు. అయినా చిన్నపిల్లల్ని పక్కన పెద్దవాళ్లు లేకుండా కూర్చోబెట్టకండి. అమెరికాలో పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని హెచ్చరించే పీజీ-13 అనే కొత్త రేటింగు 1984లో పుట్టడానికి కారణమైన సినిమాల్లో ఇదొకటి, ఆ గుండె తీసే సీనే ముఖ్యంగా.

వసూళ్ల మాట త్వరగా తేల్చేద్దాం. నాలుగోది ప్రపంచమంతా సుమారు 79 కోట్ల డాలర్లు తెచ్చింది, అంకెల్లో ఐదింటిలో అదే పైన. కానీ అమెరికాలో సగటు టిక్కెట్టు 1981లో 2.78 డాలర్లు, 2008లో 7.18. ఉత్తర అమెరికాలో మొదటిది తొలి విడుదలలో దాదాపు 21 కోట్లు, నాలుగోది దాదాపు 31.7 కోట్లు. భాగించి చూడండి, మొదటిదానికి ఏడున్నర కోట్ల టిక్కెట్లు, నాలుగోదానికి నాలుగున్నర కోట్ల లోపు తెగాయి. జనం ఎక్కువ వచ్చింది దేనికో తెలుస్తుంది, ఏది బాగుందో దీంతోనూ తెలియదు.

సంక్రాంతి రోజు ఏర్పాటు ఇలా చెయ్యండి. మీరు పన్నెండు మంది. ఐదు సినిమాలకి ఇద్దరిద్దరు చొప్పున పదిమంది, మిగిలిన ఇద్దరిలో ఒకరు గడియారం చూస్తారు, ఒకరు రాసుకుంటారు. ఎవరికి ఏ సినిమా అన్నది వారం ముందే చీటీలు తీసి తేల్చండి, ఎవరికైనా తన ఇష్టమైనదే వస్తే చీటీ మార్చుకోవాలి. మీ బావకి మూడోదో నాలుగోదో రావడం మంచిదే. ఆయన్ని మళ్లీ గ్రూపులోకి రమ్మని మెసేజీలు పెట్టకండి, ఈ నియమాలు కాగితం మీద రాసి ఇంటికెళ్లి చేతికివ్వండి, మీకన్నా పెద్దవాడు, ఆ మర్యాద దక్కాలి. ఒక్కో జంటకి ఎనిమిది నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు ప్రశ్నలు, మొత్తం గంటా ఐదు నిమిషాలు. కాయడానికి లేచినవాళ్లు మొదటి వాక్యంలోనే తమ సినిమాలోని పెద్ద లోపం చెప్పాలి. అది ముందే వాళ్ల నోటే వచ్చేస్తే ఎదుటివాళ్లకి అరవడానికి మిగిలేది తక్కువ. ‘బోరు’, ‘వేరే లెవెలు’ లాంటి మాటలు చెల్లవు, సీను చెప్పాలి. అత్తయ్య వస్తానంటే రెండోదాని మీద ప్రశ్నల ఐదు నిమిషాలూ ఆమెకే ఇవ్వండి.

ఓటు దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. ఐదింటికీ ఐదు నుంచి ఒకటి దాకా మార్కులు వేయమంటే, మూడోదాని అభిమానులు మొదటిదాన్ని కావాలని అట్టడుక్కి తోస్తారు, మొదటిదానివాళ్లు మూడోదాన్ని తోస్తారు, ఎవరికీ ప్రాణం కానిది పైకొచ్చి కూర్చుంటుంది. దాని బదులు రెండేసి సినిమాల్ని ఎదురెదురు పెట్టండి. ‘ఏది గొప్ప సినిమా’ అన్నదానికి ఐదు సినిమాలకి పది జతలు. ‘ఏది మంచి సీక్వెల్’ అన్నదానికి మొదటిది పోటీలో ఉండదు, నాలుగింటికి ఆరు జతలు. చేతులెత్తించకండి, చిన్న కాగితాల మీద రాయించండి. మిగతా అన్నిటినీ గెలిచినదే నెగ్గినట్టు. ఆరుకి ఆరు వస్తే ఆ జతని సమానమని రాసుకుని ముందుకెళ్లండి. రెండోది మూడోదాన్ని, మూడోది ఐదోదాన్ని, ఐదోది మళ్లీ రెండోదాన్ని గెలవడం కూడా జరగొచ్చు. అప్పుడు మళ్లీ ఓటు పెట్టకుండా మూడింటి పేర్లూ బోర్డు మీద రాసి, ఆ మూడు జతలకి పడిన ఓట్లు పక్కన వెయ్యండి, ఎంత తేడాతో గెలిచాయో అందరికీ కనబడాలి.